మండని వాసాలు

ఆ శనివారం గుర్తొస్తే ఇప్పటికీ కూర్చున్న చోట కూర్చోలేను. లేచి వంటింట్లోకి వెళ్తాను, ఎందుకొచ్చానో మర్చిపోయి మళ్ళీ వరండాలోకి వస్తాను. "ఏంటి, మళ్ళీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు?" అంటారు ఇంట్లోవాళ్ళు. ఏం చెప్పను? చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఎవరో ఒకరు "పోన్లే, అయిపోయిందిగా" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. కాగితమైతే అడ్డురాదు కదా అని రాస్తున్నాను.

యాభైల చివర, అరవైల మొదట్లో సంగతి ఇది. అప్పట్లో మా మెట్టలో, నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా, వర్జీనియా పొగాకు వేసే పెద్ద రైతులందరికీ బ్యారన్లు ఉండేవి. బ్యారన్ అంటే కిటికీల్లేని ఎత్తైన ఇటుకల గది. బయట పొయ్యిలో కట్టెలు వేస్తే, ఆ వేడి లోపల నేలకు కాస్త ఎత్తులో పరిచిన రేకు గొట్టాల్లో తిరుగుతుంది. గొట్టాల పైన ఈ గోడ నుంచి ఆ గోడకు అంతస్తులుగా సర్వి వాసాలు ఉంటాయి. పచ్చాకును సన్నటి కర్రలకు కట్టి, ఆ కర్రలను వాసాల మీద వేలాడదీస్తారు. ఐదారు రోజులపాటు వేడిని కొద్దికొద్దిగా పెంచుతూ, చివరికి థర్మామీటర్లో నూట అరవై ఫారన్‌హీట్ డిగ్రీల దాకా తెస్తారు. ఆకు పసుపు తిరిగి, రంగు దేరి, ఈనెతో సహా ఆరిపోతుంది.

ఆ వాసాలెక్కే మనిషి మా అన్నయ్య. ఒక కాలు ఈ వాసం మీద, ఇంకో కాలు పక్క వాసం మీద చాచిపెట్టి, కింద నుంచి చేతులు మారుతూ వచ్చే ఆకు కర్రలను వంగి అందుకుని, అన్నిటికన్నా పై అంతస్తు నుంచి నింపుకుంటూ దిగేవాడు. పట్టుకోవడానికి ఏమీ ఉండదక్కడ. కాలికింద వాసాన్ని నమ్మడమే. చిన్నప్పుడు ఆ గడపలో నిలబడి పైకి చూస్తే నాకు కళ్ళు తిరిగేవి. అన్నయ్య మాత్రం పాటలు పాడేవాడు. ఆదివారం చర్చిలో పాడినవే సోమవారం బ్యారన్లో పాడేవాడు.

బ్యారన్‌కి ఉన్న పెద్ద భయం నిప్పు. బాగా ఆరిన ఆకు ఒక్కటి రాలి, కాలుతున్న గొట్టం మీద పడితే చాలు. పైనున్న ఆకు, వాసాలు, కప్పు అన్నీ కలిసి కళ్ళముందే బుగ్గయిపోతాయి. ఒక ఏడు అన్నయ్య కూలికెళ్ళే ఆసామి బ్యారన్ అలాగే కాలింది. ఆసామి అందరి ముందూ అన్నయ్యను పట్టుకుని, "నిద్రపోయి ఉంటావురా వెధవా" అన్నాడు. అన్నయ్య నిద్రపోలేదు. కనుబొమలు కాలిన మొహంతో నిలబడి, "లేదండయ్యా" అని ఒక్క మాట అన్నాడు. నాకైతే కోపం ముక్కు మీదుంటుంది. అప్పటికి నేను ట్రైనింగ్ పూర్తిచేసి నందిగామలో హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. మా వాళ్ళలో టీచరైన మొదటి ఆడపిల్లను. ఆ మాట విన్న రోజు నుంచీ, మా అన్నయ్యకు ఆ మాట మళ్ళీ పడకుండా చెయ్యాలని మనసులో పంతం పట్టాను.

స్కూలు బీరువాలో ఒక పాత ఇంగ్లీషు పుస్తకం ఉండేది. గుడ్డను, కర్రను పటికలోనూ అమ్మోనియం సల్ఫేట్‌లోనూ నానబెడితే మంట అంటుకోదని అందులో ఒక పేజీ ఉంది. అమ్మోనియం సల్ఫేట్ అంటే ఏదో అనుకునేరు, పొలంలో చల్లే అమ్మోనియా ఎరువే. పటిక ఏ కొట్లోనైనా దొరుకుతుంది. ఎగిరి గంతేశాను. రెండు సర్వి ముక్కలు తీసుకుని, ఒకదాన్ని నానబెట్టి ఎండబెట్టి, సెలవు రోజున బస్సెక్కి జగ్గయ్యపేటలో దిగి, అక్కడ నుంచి మూడు మైళ్ళు నడిచి ఊరు చేరాను. అన్నయ్యను వెంటబెట్టుకుని తిన్నగా ఆసామి వాకిట్లోకి వెళ్ళాను.

వాళ్ళ వాకిట్లో వేన్నీళ్ళ పొయ్యి మండుతోంది. రెండు ముక్కలూ అందులో పెట్టాను. మామూలు ముక్క భగ్గుమంది. రెండోది నల్లబడిందే గాని మంట అందుకోలేదు, తీసి నేల మీద పెడితే అక్కడికక్కడే ఆరిపోయింది. ఆసామి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నన్ను చూశాడు. లోపలికి తిరిగి, "కుర్చీ పట్రండి, టీచరమ్మ వచ్చింది" అన్నాడు.

మా అమ్మ ఆ వాకిలి ఊడ్చేది. మా వాళ్ళెవరూ ఆ అరుగెక్కి ఎరగరు. కుర్చీ తెచ్చి అరుగు మీద వేస్తే నేనెక్కి కూర్చున్నాను. అన్నయ్య కిందనే నిలబడ్డాడు. మొహమంతా నవ్వే. ఆ కుర్చీ నాకు ఎంత బాగుందో ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది గాని, చాలా బాగుంది. ఇంటికెళ్ళాక అన్నయ్య వదినతో ఆ సంగతి మూడుసార్లు చెప్పాడు.

కొత్త బ్యారన్‌కి వాసాలన్నీ పశువుల నీళ్ళతొట్టిలో వారంపాటు నానబెట్టారు. నేనే దగ్గరుండి పటిక, ఎరువు కలిపించాను. ఎండబెట్టి ఎక్కించారు. ఆ సీజన్లోనే ఒకరోజు ఆకు రాలి గొట్టం మీద పడి మండింది. కింద అంతస్తులో రెండు మూడు కర్రల ఆకు కాలింది, వాసం మాత్రం పైపైన నల్లబడి ఊరుకుంది. ఈలోగా అన్నయ్య నీళ్ళు కొట్టి ఆర్పేశాడు. ఇక చూస్కోండి! వీరులపాడు నుంచి కూడా రైతులు వచ్చి వాసాలు గోకి చూసి వెళ్ళారు. నేనెప్పుడు ఊరెళ్ళినా అరుగు మీద కుర్చీ సిద్ధంగా ఉండేది.

రెండో ఏడు వాసాలు రంగు మారాయి. మొదట తేనె రంగు వచ్చింది, సీజన్ అయ్యేసరికి బెల్లం రంగుకు తిరిగింది. ఇక్కడే మేమంతా బోల్తాపడ్డాం. పొగాకు పండించేవాడికి రంగును మించింది లేదు. ఆకు బాగుందో లేదో, వేడి సరిపోయిందో లేదో, కొనేవాడు తీసుకుంటాడో తోసేస్తాడో, అన్నీ రంగే చెబుతుంది. రంగు దేరిందంటే పని బాగా జరిగిందని అర్థం. కళ్ళు అలా అలవాటుపడిన మనుషులు, వాసాలు రంగు దేరాయని మురిసిపోయారు.

"వాసాలు కూడా పండినయ్యే చెల్లాయ్! ఆకుతో పాటు అవీ మాగినయ్. ఇంకో పదేళ్ళు ఢోకా లేదు" అన్నాడు అన్నయ్య.

సైన్సు చదివిన మనిషిని, నేనూ తలూపాను. కర్ర రంగు ఊరికే ఎందుకు మారుతుందని ఒక్కసారి కూడా అడగలేదు. పొగాకు మధ్య పుట్టినదాన్నే కదా, నా కళ్ళూ అవే కళ్ళు.

మూడో ఏడు జనవరిలో పిల్లలకు దహనం పాఠం చెప్పాల్సి వచ్చింది. మన వాసం కంటే మంచి ఉదాహరణ ఏముంది? అంతకు ముందు వారం ఊరెళ్ళినప్పుడు పై అంతస్తులో అదనంగా పడి ఉన్న వాసం నుంచి ముక్క ఒకటి కోసిమ్మని అన్నయ్యను అడిగాను. కోసి, పాత పేపర్లో చుట్టి ఇచ్చాడు. శుక్రవారం దాన్ని పుల్లలుగా చీల్చమని మా స్కూలు ప్యూన్ చేతికిచ్చాను. ఆయన వయసులో పెద్దవాడు, వడ్రంగం కూడా వచ్చినవాడు. కత్తి పెట్టి ఒక్క దెబ్బ వేసి ఆగిపోయాడు.

"ఇదేం కర్రండి టీచరుగారూ? పేళ్ళు లేవటంలా. బిస్కెట్టులా విరుగుతోంది."

నేను నవ్వేసి, నా చేతికి తీసుకుని విరిచాను. నిజంగానే అడ్డంగా తెగినట్టు విరిగింది. సర్వి కర్ర విరిగితే పీచులు పీచులుగా చీలి, ఒకదానికొకటి వేలాడుతూ ఉండాలి. ఇది సుద్దముక్కలాగా విరిగి, వేళ్ళకు గోధుమరంగు పొడి అంటింది.

పాఠం చెప్పలేదు. పిల్లలను ఏదో రాసుకోమని చెప్పి ల్యాబ్ అనే ఆ చిన్న గదిలోకి వెళ్ళాను. ఇనప మూకుడులో ఇసుక పోసి, కింద స్పిరిట్ దీపం పెట్టి, ఇసుక మీద రెండు పుల్లలు పక్కపక్కన పెట్టాను. ఒకటి మా స్కూలు షెడ్డు తాలూకు మామూలు సర్వి. రెండోది కొత్త సర్విదే, మందులో నానబెట్టి ఆరబెట్టి బీరువాలో దాచుకున్న పుల్ల. మంట తగలకుండా వేడి మాత్రమే తగిలేలా చూశాను. మామూలు పుల్ల ఇంకా తెల్లగానే ఉండగా, మందు పట్టిన పుల్ల గోధుమరంగు తిరిగింది, తర్వాత నల్లబడింది. బ్యారన్ నుంచి తెచ్చిన ముక్క తడిపి నీలం లిట్మస్ అద్దితే ఎర్రగా అయింది.

అప్పుడు అర్థమైంది. మందు కర్రను కాపాడదు. మంట లేవకుండా చేస్తుంది, అంతే. ఎలా చేస్తుందంటే, కర్ర వేడెక్కి మండే ఆవిరులు వదిలేలోపే దాన్ని తొందరపెట్టి బొగ్గుగా, నీటి ఆవిరిగా మార్చేస్తుంది. అంటే మామూలు కర్ర తట్టుకునే వేడికి కూడా ఇది ముందే చెడిపోతుంది. పొయ్యిలో పెట్టి చూపించినప్పుడు ఆ చెడిపోవడమే మాకు మేలుగా కనిపించింది. కానీ బ్యారన్లో మంట ఎప్పుడో గాని రాదు. వేడి మాత్రం సీజనంతా ఉంటుంది. ఆ వేడికీ, పచ్చాకు వదిలే తేమకూ మందులోంచి ఆమ్లం పుట్టి, రెండేళ్ళుగా వాసాన్ని లోపల్లోపల తినేస్తోంది. మేం చూసి మురిసిన బెల్లం రంగు అదే. అన్నయ్య దాని మీద నిలబడుతున్నాడు.

శనివారం ఒంటిపూట బడి. గంట కొట్టగానే బస్సెక్కాను. నందిగామ దాటింది మొదలు బస్సులో నిలబడే ఉన్నాను, సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయాను. పేటలో దిగి పరుగులాంటి నడకతో ఊరు చేరాను. ముందు ఆసామికి చెప్పాలి, వాసాలు దించమనే అధికారం ఆయనదే. వాకిట్లోకి వెళ్ళేసరికి అరుగు మీద ఆయనతోపాటు చెవిటికల్లు నుంచి వచ్చిన ఇద్దరు రైతులు కూర్చుని ఉన్నారు.

"ఇదిగో, మాటల్లోనే వచ్చింది! మా టీచరమ్మ ఈవిడే" అన్నాడు ఆసామి. "రామ్మా, కూర్చో. వీళ్ళ బ్యారన్‌కి కూడా మన మందే పట్టిస్తారంట. ఎంత పటిక, ఎంత ఎరువు, నీ నోటితోనే చెప్పు."

కుర్చీ వచ్చింది. కూర్చున్నాను. ముగ్గురూ నా వైపే చూస్తున్నారు. చెప్పాలని నోరు తెరిచాను. ఛీ, నా నోరు! దాంట్లోంచి పటిక ఇంత, ఎరువు ఇంత, నీళ్ళు ఇన్ని అని పాఠం అప్పజెప్పినట్టు వచ్చేసింది. వాళ్ళు తలలూపుతూ విన్నారు. నేను లేచి వచ్చేటప్పుడు ఒకాయన "వెళ్ళిరండమ్మా" అని కూడా అన్నాడు.

వీధిలోకి వచ్చాక నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అన్నయ్యకు విడిగా చెబుతాను, తనే మెల్లగా ఆసామి చెవిన వేస్తాడులే అనుకున్నాను. ఇంటికెళ్ళేసరికి అన్నయ్య అన్నం తింటున్నాడు. సోమవారం పొద్దున బ్యారన్ నింపుతారని వదిన చెప్పింది.

"ఏంటే, మొహం అలా ఉంది?" అన్నాడు అన్నయ్య.

"బస్సు ప్రయాణం కదా" అన్నాను.

మంచినీళ్ళ చెంబు అందిస్తూ, "అన్నయ్యా, సోమవారం కాస్త చూసుకుని ఎక్కు" అన్నాను.

"పుట్టినకాడి నుంచీ ఎక్కుతున్నా, నాకు నువ్వు చెప్పాలంటే!" అని నవ్వాడు.

అంతే. ఇంకో మాట అనలేదు నేను. ఇంటి నిండా మనుషులు, పక్కింటివాళ్ళు "టీచరమ్మ వచ్చింది" అని పలకరించడానికి వచ్చారు. వాళ్ళందరి ముందూ తప్పు చేశానని చెప్పడానికి నోరు రాలేదు. రేపు ఇంకొక్కసారి పరీక్ష చేసి, గట్టిగా తేల్చుకుని చెబుదామని ఆ సాయంత్రమే నందిగామ వచ్చేశాను. ఆదివారం చర్చికి కూడా వెళ్ళకుండా మళ్ళీ ఇసుక పోశాను, మళ్ళీ దీపం పెట్టాను. మళ్ళీ ఆ పుల్లే ముందు నల్లబడింది. మూడుసార్లు చేశాను. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరిగాను. ఉత్తరం రాసి చించాను. ఈ ఒక్క బ్యారన్ అయ్యాక చెబుదామని కూడా అనుకున్నాను, ఎంత పాపిష్టి బుర్రో చూడండి.

సోమవారం మొదటి పీరియడ్‌లో బోర్డు మీద ఏదో రాస్తున్నాను. చేతిలో సుద్దముక్క పుటుక్కున విరిగింది. హెడ్మాస్టరుకు చెప్పకుండా, పిల్లలను అలాగే వదిలేసి, బస్సు కోసం రోడ్డు మీదికి పరిగెత్తాను.

నేను వెళ్ళేసరికి బ్యారన్ ముందు జనం మూగి ఉన్నారు. అన్నయ్యను నులకమంచం మీద పడుకోబెట్టారు. ఎడమకాలు తొడ దగ్గర ఉండకూడని వంపు తిరిగి ఉంది. పై నుంచి రెండో అంతస్తులో వాసం నడిమికి విరగడంతో గొట్టాల మీద పడ్డాడు. వదిన తలవైపు కూర్చుని ఏడుస్తోంది. నన్ను చూడగానే అన్నయ్య, నేనింకా నోరు తెరవకముందే, అందరికీ వినపడేలా, "కాలు జారిందే చెల్లాయ్. ఏం లేదు, కాలు జారింది" అన్నాడు.

"కళ్ళు నెత్తికెక్కాయి వీడికి" అన్నాడు ఆసామి. "ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఎక్కాలి. వీడు పడి వాసం కూడా విరగ్గొట్టాడు." తర్వాత పక్కనున్న ఇంకో కూలీతో, "ఏరా, నువ్వెక్కు. కోసిన ఆకు మగ్గిపోద్ది" అన్నాడు. ఆ మనిషి తలగుడ్డ బిగించుకుని బ్యారన్ గడపలో కాలుపెట్టాడు.

"ఎక్కొద్దు!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "మా అన్నయ్య కాలు జారలేదండి. వాసాలు చెడిపోయినయ్. నేను పట్టించిన మందే తినేసింది వాటిని. తప్పు నాది."

ఆసామి నా వంక జాలిగా చూశాడు. "ఊరుకోమ్మా. అన్న మీద ప్రేమకొద్దీ నీ మీదేసుకుంటున్నావు. చదువుకున్నదానివి, నీ లెక్క తప్పుద్దా?" అన్నాడు. మంచం మీద నుంచి అన్నయ్య కూడా, "అది అట్టాగే అంటదండయ్యా, పట్టించుకోమాకండి" అన్నాడు.

నాకు పిచ్చెక్కినంత కోపం వచ్చింది. కూలీవాడి కాలు జారిందంటే క్షణంలో నమ్మారు. టీచరమ్మ లెక్క తప్పిందని టీచరమ్మే చెబుతుంటే నమ్మరు! గడపలో నిలబడ్డ మనిషిని పక్కకు తోసి లోపలికెళ్ళాను. కింద అంతస్తు వాసాన్ని చేతులతో అందుకుని, నా బరువంతా వేసి వేలాడాను. నేను బక్కమనిషిని. వాసం పుటుక్కుమని విరిగి, నేను వెనక్కి పడ్డాను. లేచి దాని ముక్కను బయటికి లాక్కొచ్చి ఆసామి కాళ్ళ ముందు మోకాలికేసి కొట్టాను. మళ్ళీ విరిగింది. ఒక్క పీచు లేదు. ఇంకోటి తెచ్చాను, అదీ అంతే.

ఆసామి వంగి, ఆ విరిగిన చోటు బొటనవేలితో నలిపి చూశాడు. పొడి రాలింది. లేచి నా మొహం చూడకుండా, "వాసాలన్నీ దించండ్రా. చెవిటికల్లు వాళ్ళకి కబురు పంపండి" అన్నాడు. గడప దగ్గరి మనిషి తలగుడ్డ విప్పి దాంతో మొహం తుడుచుకున్నాడు.

అన్నయ్యను బెజవాడ ఆసుపత్రికి లారీలో తీసుకెళ్ళాం. వెనక గడ్డి పరిచి మంచంతో సహా ఎక్కించారు. వదిన డ్రైవరు పక్కన కూర్చుంది, నేను అన్నయ్య దగ్గర కూర్చున్నాను. నందిగామ దాటాక ఇక ఆగలేకపోయాను.

"నాకు శుక్రవారమే తెలుసు అన్నయ్యా. శనివారం చెప్పడానికే వచ్చాను. చెప్పలేకపోయాను."

అన్నయ్య కళ్ళు మూసుకునే ఉన్నాడు. "నాకు అంతకు ముందే తెలుసులే" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నీకు ముక్క కోసిచ్చా చూడు, ఆ రోజే. రంపం పెడితే పొట్టు రాలా, పిండి రాలింది. చెబితే నీ మాట పోద్దని ఊరుకున్నా. ఈ సీజన్ మెల్లగా అడుగేసి గడిపేసి, చెదలు పట్టిందని చెప్పి మార్పిద్దామనుకున్నా."

"నాతో అయినా చెప్పొద్దా!" అని అరిచాను. ఏడుపు, కోపం కలిసి లారీ చెక్కను అరచేత్తో కొట్టాను. "నాతో ఒక్క మాట చెప్పొద్దా నువ్వు?"

"నువ్వు చెప్పావా?" అన్నాడు అన్నయ్య.

బెజవాడ దాకా, రోడ్డు మీద గొయ్యి వచ్చిన ప్రతిసారీ ఆ కాలు కదలకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను.